ఫ్లూ టీకా పిల్లల్ని ఎంతవరకు కాపాడుతుంది? - మన్యం వైపునుంచి ఒక పరిశీలన

ముక్కు కారడానికి మన తెలుగులో పేర్లకు కొదవలేదు. కోస్తాలో రొంప అంటారు, పడిశెం అంటారు. తెలంగాణాలో సర్ది అంటారు. పట్నంలో అందరూ జలుబు అంటారు. కాని ఇన్‌ఫ్లుయెంజాకి మాత్రం మనకి సొంత పేరంటూ లేదు. ఇంగ్లీషువాళ్ళు ఇటలీనుంచి తెచ్చుకున్న మాటని మనం వాళ్ళ దగ్గర అరువు తెచ్చుకుని, చివరికి 'ఫ్లూ' అని కుదించుకున్నాం.

ఇది భాషకి సంబంధించిన వినోదం మాత్రమే అయితే ఈ వ్యాసం అక్కర్లేకపోను. పేరు లేని జబ్బుని జనం విడిగా గుర్తుపట్టరు. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాల్లో వర్షాకాలంలో పిల్లలకి జ్వరాలు పట్టుకుంటే పత్రికలు 'విషజ్వరాలు' అని రాస్తాయి. ఆ మాటలో మలేరియా ఉంది, డెంగీ ఉంది, టైఫాయిడు ఉంది, ఫ్లూ కూడా ఉంది. మలేరియాకి రక్తపు చుక్క తీసి గ్రామంలోనే పరీక్ష చేస్తారు. మలేరియా కాదని తేలాక, మిగిలిన జ్వరం ఏమిటని అడిగేవాళ్ళు తక్కువ. ముక్కులోంచి, గొంతులోంచి తడి తీసి ప్రయోగశాలకి పంపితే తప్ప ఫ్లూ అని ఖాయంగా చెప్పలేరు. ఆ పని కొండమీద మామూలుగా జరిగేది కాదు.

అంచేత 'ఫ్లూ టీకా పిల్లల్ని కాపాడుతుందా?' అన్న ప్రశ్నకి ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. దేనినుంచి కాపాడాలి? రొంపనుంచా, జ్వరంనుంచా, నిమ్మునుంచా, చావునుంచా? ఈ నాలుగింటికీ జవాబులు నాలుగు రకాలుగా ఉంటాయి.

మామూలు జలుబుని తెచ్చే వైరస్‌లు రెండు వందలకి పైగా ఉన్నాయి. ఫ్లూ వైరస్‌లు వాటిలోవి కావు, వేరే జాతి. మనుషుల్ని ఏటా బాధించేవి ఎ, బి అని రెండు తరగతులు. ఫ్లూ వచ్చిన పిల్లవాడికి ఒక్కసారిగా జ్వరం లేస్తుంది, ఒళ్ళు నొప్పులు, దగ్గు, తిండి సయించకపోవడం. అయిదారు రోజుల్లో చాలామంది లేచి ఆడుకుంటారు. కొందరిలో మాత్రం ఊపిరితిత్తులకి దిగుతుంది. వైరస్ గొంతునీ శ్వాసనాళాన్నీ పుండు చేసిపెట్టాక, ఆ దారిన న్యూమోకాకస్ వంటి బాక్టీరియా ప్రవేశించి నిమ్ము చేస్తుంది. డొక్కలు ఎగరేస్తూ పిల్ల పాలు తాగడం మానేసిందంటే అది ఇక రొంప వ్యవహారం కాదు. 2018 సంవత్సరానికి వేసిన అంతర్జాతీయ అంచనా ప్రకారం, ప్రపంచంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో సుమారు 11 కోట్ల ఫ్లూ జబ్బులు, ఒక కోటి ఊపిరితిత్తుల జబ్బులు, 34,800 వరకు మరణాలు ఆ ఒక్క ఏట ఫ్లూ ఖాతాలో పడ్డాయి. మన దేశానికి ఈ జబ్బు ఎంత చేటు తేగలదో 1918లోనే తెలిసింది. కోటిమందికి పైగా పోయారు. 2009లో కొత్త హెచ్1ఎన్1 వైరస్ ప్రపంచాన్ని చుట్టినప్పుడు దేశంలో ఖరారైన మొదటి కేసు మే నెలలో మన హైదరాబాదులోనే బయటపడింది. మరుసటి సంవత్సరం అదే నగరంలోని భారత్ బయోటెక్ కణజాల పద్ధతిలో దానికి టీకా తయారుచేసి విడుదల చేసింది. ఇవన్నీ మన ముంగిట్లో జరిగినవే.

ఇకపోతే టీకా బలం సంగతి. వైద్య పరీక్షల ఫలితాలను పోగుచేసి బేరీజు వేసే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2018లో పిల్లల ఫ్లూ టీకాలమీద ఒక సమీక్ష ప్రచురించింది. 41 పరీక్షలు, రెండు లక్షలమందికి పైగా పిల్లలు. రెండేళ్ళనుంచి పదహారేళ్ళ వరకు ఉన్నవాళ్ళలో, చంపిన వైరస్‌తో చేసిన టీకా, అంటే మామూలు సూదిమందు, ఒక ఫ్లూ కాలంలో ఫ్లూ వచ్చేవాళ్ళని నూటికి 30నుంచి 11కి తగ్గించింది. బ్రతికున్న బలహీనపు వైరస్‌ని ముక్కులో కొట్టే టీకా నూటికి 18నుంచి 4కి తగ్గించింది. ఇవి మంచి ఫలితాలే. కాని అదే సమీక్షలో రెండో వరస అంకెలున్నాయి. ఏ వైరస్ అన్నది పరీక్షించకుండా, 'ఫ్లూలాంటి జబ్బు' అంటే జ్వరమూ దగ్గూ వచ్చినవాళ్ళనందరినీ లెక్కేస్తే, సూదిమందు నూటికి 28నుంచి 20కి మాత్రమే దించింది. మొదటిదాంట్లో ఫ్లూ 30 అని, రెండోదాంట్లో ఫ్లూలాంటివన్నీ కలిపినా 28 అనీ ఉండడమేమిటని లెక్కల విద్యార్థులు నన్ను నిలదీస్తారు కాబోలు. రెండు అంకెలూ ఒకే పరీక్షలవి కావు, వేర్వేరు పరీక్షల సగటులు. పైగా ఫ్లూ వైరస్ సోకినవాళ్ళందరికీ జ్వరమూ దగ్గూ ఆ నిర్వచనానికి సరిపోయేటట్లు రావు.

ఈ రెండు వరసల్నీ ఒక ఆశ్రమ పాఠశాలకి తీసుకుపోయి చూద్దాం. మూడు వందలమంది పిల్లలున్నారనుకోండి. ఆ సగటులే అక్కడా వర్తిస్తాయనుకుంటే, టీకా లేకపోతే 90 మందికి ఫ్లూ వస్తుంది, టీకా వేస్తే 33 మందికి. యాభై ఏడుగురు తప్పించుకున్నారు. టీకా గెలిచినట్టే. అదే పాఠశాల వార్డెను గారి పుస్తకంలో చూస్తే? ఆయన దగ్గర ప్రయోగశాల లేదు, థర్మామీటరు ఉంది. టీకా లేని ఏడు 84 మంది దగ్గుతూ మూలిగారు, టీకా వేసిన ఏడు 60 మంది దగ్గుతూ మూలిగారు. అరవైమంది పిల్లలు దుప్పట్లు కప్పుకుని పడుకున్న పాఠశాలలో నిలబడి 'టీకా బ్రహ్మాండంగా పనిచేసింది' అంటే ఏ వార్డెను నమ్ముతాడు? అయినా ఆ మాట అబద్ధం కాదు. టీకా తనకి తెలిసిన శత్రువుని అడ్డుకుంది. మిగతా వైరస్‌ల జోలికి అది పోలేదు, పోలేదని ముందే తెలుసు.

మా కళాశాల జాతీయ సేవా పథకం శిబిరం 2023 చలికాలంలో డుంబ్రిగుడ మండలంలో వారం రోజులు జరిగింది. బాట వేయడం, మొక్కలు నాటడం మామూలే. మధ్యాహ్నాలు ఇంటింటికీ వెళ్ళి పిల్లల టీకా కార్డులు చూడడం మా జట్టు పని. అక్కడ ఫ్లూ టీకా ఎవరికీ తెలియదు, వేసేవాళ్ళూ లేరు. కాని నిమ్ము రాకుండా ఇచ్చే న్యూమోకోకల్ టీకా తెలుసు. అది ప్రభుత్వ కార్యక్రమంలో 2021లో దేశమంతటికీ వచ్చింది. ఆరో వారం, పధ్నాలుగో వారం, తొమ్మిదో నెల, ఇలా మూడు మోతాదులు. ఒక తల్లి కార్డు తీసి చూపించింది. మూడూ పడ్డాయి. చంకలో బిడ్డకి ముక్కు కారుతోంది.

"నిమ్ము రాకండా సూది అన్నారు బాబూ. మూడుసార్లూ ఏయించినాం. మూడుసార్లూ జొరమొచ్చింది. అయినా రొంపొస్తంది, దగ్గొస్తంది. మరింక సూదెందుకు?" అంది.

పక్కన కూర్చున్న ముసలామె ఆదివాసీ ఒడియాలో ఏదో అంది, ఇద్దరూ నవ్వుకున్నారు. అర్థం చెప్పమంటే చెప్పలేదు. సూది వేసేటప్పుడు ఎవరో "ఇంక పిల్లకి దగ్గూ రొంపా దగ్గిరకి రావు" అని చెప్పారట. చెప్పినవాళ్ళు ఎవరైనా మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. ఎండలో, వానలో ఐసు డబ్బా భుజాన వేసుకుని గెడ్డలు దాటి వచ్చిన మనిషికి నూటికి ఇంత అని విడమర్చి చెప్పే ఓపిక ఎక్కడిది? కాని ఆ ఒక్క మాట ఖరీదు ఎక్కువ. ఆ తల్లి లెక్క ప్రకారం సూది ఓడిపోయింది. రేపు మరో బిడ్డ పుడితే తట్టు సూదికి కూడా ఆమె వెనకాడుతుందేమోనన్న భయం నాకుంది. తట్టు టీకా అలాంటిది కాదు. రెండు మోతాదులు పడితే దాదాపుగా అందరికీ రక్షణ ఉంటుంది, అదీ ఎన్నో ఏళ్ళు. బలమైన టీకాకీ, ఓ మోస్తరు టీకాకీ ఒకే హామీ ఇస్తే, ఓ మోస్తరుది విఫలమైనప్పుడు బలమైనదాని పరువు కూడా పోతుంది. ఫ్లూ టీకాని మన్యానికి తేవాలనేవాళ్ళు మొదట ఆలోచించవలసింది ఇదేనని నా అభిప్రాయం.

ఫ్లూ టీకా ఎందుకు ఓ మోస్తరు? వైరస్ పైపొర ఏటా కొంచెం కొంచెం మారుతూ ఉంటుంది. నిరుడు చూసిన మొహం ఈ ఏడు గుర్తుపట్టలేనట్టు అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో ఒకసారి ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో ఒకసారి దక్షిణార్ధగోళానికి, రాబోయే కాలంలో ఏ రకాలు తిరుగుతాయో అంచనా కట్టి టీకాలో ఏవి కలపాలో చెబుతుంది. తయారీకి నెలలు పడుతుంది. ఈలోగా వైరస్ ఇంకో వేషం వేస్తే అంచనా తప్పుతుంది. అమెరికాలో 2014-15 శీతాకాలంలో అలాగే జరిగి, టీకా సామర్థ్యం మొత్తంమీద 19 శాతానికి పడిపోయింది. మరికొన్ని ఏళ్ళలో 50, 60 దాకా పోతుంది.

మన దేశంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఢిల్లీకి దగ్గరగా హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వారు, అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి, 2009 చివరినుంచి మూడేళ్ళు ఒక పరీక్ష నడిపారు. మూడు గ్రామాలు, ఆరు నెలలనుంచి పదేళ్ళ పిల్లలు. చీటీ వేసినట్టు కుటుంబాలను రెండు భాగాలు చేసి, ఒక భాగం పిల్లలకి ఏటా ఫ్లూ టీకా, రెండో భాగానికి పోలియో సూది టీకా ఇచ్చారు. రెండోవాళ్ళకీ ఏదో ఒక మేలు జరగాలి గదా. ప్రతి వారం ఇంటింటికీ తిరిగి, జ్వరమో దగ్గో ఉన్నవాళ్ళ ముక్కు తడి తీసి పరీక్షించారు. మొదటి ఏడు రక్షణ పాతిక శాతం చిల్లర. రెండో ఏడు నలభై పైచిలుకు. మూడో ఏడు డెబ్భై పైచిలుకు. మొదటి ఏడు తిరిగిన కొత్త హెచ్1ఎన్1 ఆ టీకాలో లేదు! ఒకటే ఊళ్ళు, ఒకటే పద్ధతి, మూడేళ్ళలో మూడు జవాబులు. 'ఫ్లూ టీకా ఎంత పనిచేస్తుంది?' అని ఒక్క అంకె అడిగేవాళ్ళకి నేను ఈ బల్లభ్‌గఢ్ కథ చెబుతాను.

సరే, ఇంత ఊగిసలాడే టీకా మనకెందుకు అనొచ్చు. ఇక్కడే మన్యం లెక్క పట్నం లెక్కకి భిన్నంగా ఉంటుంది. అమెరికాలో 2010నుంచి 2014 వరకు ఫ్లూతో చనిపోయిన పిల్లల వివరాలు తీసి చూస్తే, టీకా వేయించుకోవడం మరణాన్ని 65 శాతం మేర తప్పించిందని తేలింది. పెద్ద జబ్బు ముందునుంచే ఉన్న పిల్లల్లో 51 శాతం. అంటే జబ్బు రాకుండా ఆపలేని సందర్భాల్లోనూ అది ముదిరిపోకుండా చూస్తుందన్నమాట. విశాఖపట్నంలో ఉన్న పిల్లకి డొక్కలు ఎగరేస్తే ఆటో ఎక్కి అరగంటలో కింగ్ జార్జి ఆసుపత్రికి చేరుతుంది, ఆక్సిజను పెడతారు. అరకు పైన రోడ్డు లేని గూడెంలో పిల్లకి అదే జరిగితే ముందు డోలీ కట్టాలి, మోసేవాళ్ళు దొరకాలి, గెడ్డ పొంగకుండా ఉండాలి. చికిత్స ఎంత దూరమైతే నివారణ విలువ అంత పెరుగుతుంది. టీకా శాతం ఎక్కడైనా అదే, ఆ శాతానికి దొరికే ఫలితమే మారుతుంది. ఇంటిలోపలి పొయ్యి పొగ, చాలని తిండి, చలి, ఇవి కూడా దీనికి తోడు. మన్యం తెగల్లో సికిల్ సెల్ జబ్బు ఉన్న సంగతి చాలాకాలంగా తెలిసిందే. 2023 జూలైలో కేంద్రప్రభుత్వం దానిమీద దేశవ్యాప్త కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ జబ్బున్న పిల్లకి ఊపిరితిత్తుల్లో చిక్కు వస్తే రక్తకణాలు ఇంకా వంకర తిరిగి ప్రాణంమీదకి వస్తుంది. కనక ఇంకెవరికి ఇచ్చినా ఇవ్వకపోయినా, సికిల్ సెల్ ఉన్నట్టు తేలిన పిల్లలకి ఏటా ఈ సూది వెయ్యాలి. ఇందులో నాకు సందేహమేమీ లేదు.

ఒక విచిత్రం ఏమంటే, ఫ్లూ ఎక్కువగా దెబ్బతీసేది ఆరు నెలలలోపు పసికందుల్ని. ఆ వయసుకి ఈ టీకా లేదు. ఆరు నెలలు నిండాకే మొదలు. మరి వాళ్ళకి దారి? తల్లికి వెయ్యడం. గర్భంలో ఉండగానే తల్లి రక్తంలోని రక్షణ పదార్థాలు బిడ్డకి చేరతాయి. ఢాకాలో 340 మంది గర్భిణులమీద చేసిన పరీక్ష ఫలితం 2008లో వచ్చింది. ఫ్లూ టీకా వేసుకున్న తల్లుల బిడ్డల్లో ఆరు నెలలదాకా ఖరారైన ఫ్లూ 63 శాతం తగ్గింది. తర్వాత నేపాల్ తెరాయి ప్రాంతంలో ఇంకా పెద్దఎత్తున చేస్తే తగ్గుదల 30 శాతమే కనిపించింది, అయితే తక్కువ బరువుతో పుట్టే బిడ్డలు కూడా 15 శాతం తగ్గారు. రెండు అంకెలకీ మధ్య తేడా ఉంది, అయినా రెండూ మంచివైపే చూపిస్తున్నాయి. ఢాకా, నేపాల్ పల్లెలు మనకి అమెరికాకన్నా దగ్గరి చుట్టాలు. మన్యంలో గర్భిణీల పేర్లు ఆశా కార్యకర్తల పుస్తకాల్లో ముందే ఉంటాయి, ధనుర్వాతం సూదికి ఎలాగూ వస్తారు. అదే రోజున ఇంకో సూది వెయ్యడానికి కొత్త ప్రయాణం అక్కర్లేదు.

ఆశ్రమ పాఠశాలల సంగతి మళ్ళీ ఎత్తుకుంటాను. కెనడా పశ్చిమ రాష్ట్రాల్లో హటరైట్లని ఒక క్రైస్తవ శాఖ ఉంది. ఊరికి దూరంగా చిన్న చిన్న కాలనీలు కట్టుకుని, ఉమ్మడి వ్యవసాయం, ఉమ్మడి భోజనం. 2008-09 చలికాలంలో కొన్ని కాలనీల్లో మూడేళ్ళనుంచి పదిహేనేళ్ళ పిల్లలకి ఫ్లూ టీకా, మరికొన్నిటిలో కామెర్ల టీకా వేశారు. పెద్దవాళ్ళకి వెయ్యలేదు. ఫ్లూ టీకా వేసిన కాలనీల్లో, టీకా వేసుకోనివాళ్ళకి కూడా ఫ్లూ 61 శాతం తగ్గింది. పిల్లలు మోసుకురాకపోతే ముసలివాళ్ళకి అంటదన్నమాట. అన్ని చోట్లా ఇంతటి ఫలితం వస్తుందని ఆశించకూడదు. హటరైట్ కాలనీలాగా మన గూడేలు మూసిపెట్టిన పెట్టెలు కావు. వారం వారం సంత ఉంది, కిరండోలు రైలు ఉంది, శీతాకాలం వస్తే అరకు నిండా పట్నం యాత్రికులు తుమ్ముతూనే ఉంటారు. అయినా ఒక హాలులో వరసగా పడుకునే వందలమంది పిల్లలు సంక్రాంతి సెలవులకి ఒక్కరోజే డజన్లకొద్దీ గూడేలకి చెదిరిపోవడం ఊహించుకోండి. ఎక్కడ అడ్డుకట్ట వేస్తే ఎక్కువ నీరు ఆగుతుందో చెప్పడానికి ఇంజనీరింగు విద్యార్థి కానక్కర్లేదు.

ప్రస్తుతం మన సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఫ్లూ టీకా లేదు. శిశువైద్యుల జాతీయ సంఘం ఆరు నెలలనుంచి అయిదేళ్ళదాకా పిల్లలందరికీ ఏటా వేయించమని సిఫారసు చేస్తుంది. అది డబ్బు పెట్టి కొనుక్కోగలవాళ్ళ మాట. బయట ఒక మోతాదు వెయ్యి రూపాయలు దాటుతుంది. తొమ్మిదేళ్ళలోపు పిల్లకి మొదటి ఏడు నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు కావాలి. కాఫీ గింజలమ్మి బతికే ఇంటికి అది మాట్లాడుకునే ధర కాదు. ప్రభుత్వమే తేవాలి. తెస్తే, ఒకేసారి అందరికీ అనకుండా గర్భిణులు, సికిల్ సెల్ పిల్లలు, ఆశ్రమ పాఠశాలలు, ఈ మూడు చోట్లా మొదలుపెట్టమని నేనంటాను. ఆ లోపల న్యూమోకోకల్ టీకా, పెంటావలెంటు, తట్టు టీకా ఏ గూడెంలోనూ సగంలో ఆగిపోకుండా చూడాలి. ఫ్లూ తెరిచిన తలుపులోంచి దూరే బాక్టీరియాని ఆపేవి అవే. వాటిని అటకెక్కించి దీన్ని నెత్తికెత్తుకోవడం తెలివితక్కువ.

చెప్పే మాట కూడా ముందే సిద్ధం చేసుకోవాలి. నేనైతే ఆ డుంబ్రిగుడ తల్లికి ఇలా చెబుతాను: "అమ్మా, రొంప వస్తుంది, దగ్గు కూడా వస్తుంది. సూది వేసిన రోజు కాస్త జొరం కూడా రావచ్చు. కొన్నేళ్ళు బాగా ఆపుతుంది, కొన్నేళ్ళు తక్కువ ఆపుతుంది. పిల్లని డోలీలో మొయ్యవలసిన రోజు రాకుండా ఇది కొంత సాయం చేస్తుంది. ఏటా వేయించాలి." వినడానికి ఇది ఘనంగా లేదు. కాని ఆమెకి మరుసటి వారం రొంప వచ్చిన పిల్లని చూసి నవ్వుకునే అవసరం రాదు.

చివరిగా కాలం సంగతి ఒకటుంది, ఆచరణలో అసలు తంటా అక్కడే. మన దేశంలో ఎక్కువ భాగానికి ఫ్లూ వానలతో వస్తుంది, జూన్‌నుంచి సెప్టెంబరు వరకు. సూది వేశాక రక్షణ కుదురుకోవడానికి రెండు వారాలు పడుతుంది. కనక ఏప్రిల్, మే నెలల్లో, దక్షిణార్ధగోళానికి నిర్ణయించిన తాజా టీకాతో వెయ్యాలి. బడులు ఏప్రిల్ ఆఖరు వారంలో మూసేస్తారు, జూన్ రెండో వారంలో తెరుస్తారు, అప్పటికి కొండమీద వాన మొదలైపోతుంది. ఈ ఇరుకులో ఆశ్రమ పాఠశాల పిల్లలకి బడి మూసేలోపే సూది పడాలంటే సరుకు ఏప్రిల్ మొదటికే పాడేరు చేరి, రెండునుంచి ఎనిమిది డిగ్రీల చలిలో ఉండాలి. కరెంటు పోయినా చెడకుండా చూడాలి. అదృష్టవశాత్తూ ఆ పాఠశాలల్లో ఎక్కువమంది తొమ్మిదేళ్ళు దాటినవాళ్ళే, ఒక్క మోతాదు చాలు. చిన్నవాళ్ళకి రెండో మోతాదు సెలవుల్లో గూడెంలోనే వెయ్యాలి. ఎవరి పిల్ల ఏ గూడెందో ఆ జాబితా హాస్టలునుంచి ఆశా కార్యకర్తకి బడి మూసే రోజే చేరాలి.

వచ్చే ఏడు మా శిబిరం మళ్ళీ ఆ మండలంలోనే ఉంటే, అలాంటి జాబితా ఒక పాఠశాలకి తయారుచెయ్యడానికి ఎన్ని గంటలు పడుతుందో చూడాలని ఉంది. మొక్కలు నాటే జట్టులోంచి నలుగుర్ని ఇస్తే చాలు.